ఊరి గోడు సర్కారు కాగితం మీదికి ఎక్కాలంటే ఏం చేయాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు అనేవాళ్లు. ఇప్పుడు మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఉగాది దాటకముందే మిట్టమధ్యాహ్నం బయటికి కాలు పెట్టలేకపోతున్నాం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోతే వాటిని ఆఘమేఘాల మీద బాగుచేశారు, చేయాల్సిందే కూడా. కానీ అలాంటి వరదలో గుడిసె, వల, మేకలు పోగొట్టుకున్న యానాది కుటుంబానికి, వేరేవాళ్ల పేరు మీదున్న పొలంలో నారు పోసిన కౌలు రైతుకు నష్టం జాబితాలో పేరు ఎక్కించుకోవడమే పెద్ద పోరాటం. ఏసీ లేదు, కారు లేదు, ఈ ఎండలు ఇలా ముదరడంలో వాళ్ల పాత్ర దాదాపు ఏమీ లేదు, దెబ్బ మాత్రం ముందు వాళ్లకే తగులుతోంది.

ఆఫీసుల్లో కాగితం మీద లేని నష్టం జరగనట్టే లెక్క. కాబట్టి ఊరి మాటను కాగితం మీదికి ఎలా తేవాలో, ఆ కాగితాన్ని ఎక్కడ ఎలా ఇవ్వాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

సభకు రానివాళ్ల దగ్గర మొదలుపెట్టండి

చాలా ఊళ్లలో నలుగురు చదువుకున్నవాళ్లు అరుగు మీద కూర్చుని అర్జీ రాసేస్తారు, తర్వాత సంతకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతారు. అలా వద్దు. ముందు యానాది కాలనీకి, ఎస్సీ కాలనీకి, సముద్రం పక్క ఊరైతే చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాలేనికి వెళ్లండి, అదీ వాళ్లు పని నుంచి వచ్చి వంట అయ్యాక. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడితే మేలు. నీళ్ల కోసం బిందె పట్టుకుని నిలబడేది, ఎండలో కలుపు తీసేది వాళ్లే గనక అసలు విషయం వాళ్ల దగ్గరే ఉంటుంది.

'వాతావరణ మార్పు' అంటూ మొదలుపెడితే ఎవరూ నోరు విప్పరు. మీ చిన్నప్పుడు బావిలో నీళ్లు ఎంత లోతులో ఉండేవి, ఇప్పుడు బోరు ఎన్ని అడుగులకు దించారు, మొన్న వేసవిలో ఎండకు ఎన్ని రోజులు కూలి మానేశారు, వడదెబ్బకు ఆసుపత్రిలో ఎంత అయింది, ఏ నెలలో ఏ చేప పడేది, పొలంలోకి ఉప్పునీళ్లు ఎప్పటినుంచి వస్తున్నాయి, పక్కన రొయ్యల చెరువులు తవ్వకముందా తర్వాతా అని అడగండి. నేను ఒక కాలనీలో ఇలా కూర్చున్నప్పుడు ఒక పెద్దామె గంటసేపు ఏమీ మాట్లాడలేదు, లేచేటప్పుడు మాత్రం "కాలవలో వేడినీళ్లు వొచ్చినకాడ్నించి ఈ పక్క పీత దొరకడంలా సామీ" అంది. ఆ ఒక్క వాక్యం మేం అంతవరకూ రాసుకున్న నాలుగు పేజీలకంటే బరువైనది, ఎందుకంటే అందులో ఏం మారిందో ఉంది, ఎప్పటినుంచో ఉంది, ఎక్కడో కూడా ఉంది.

ఏ సంవత్సరం అని అడిగితే చాలామంది చెప్పలేరు. అందరికీ గుర్తున్న గండాల్ని ఆనవాలుగా పెట్టుకోండి: 1977 దివిసీమ ఉప్పెన, 2015 నవంబరు వానలు, 2021 పెన్నా వరద, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను. 'మిచాంగ్‌కు ముందా, తర్వాతా?' అంటే వెంటనే జవాబు వస్తుంది.

వాళ్ల మాటల్లోనే రాయండి

మనిషికి ఒక పేజీ చాలు. పుస్తక భాషలోకి మార్చొద్దు. రాసింది పైకి చదివి వినిపించి, అవునన్నాకే సంతకమో వేలిముద్రో తీసుకోండి. పేరు వద్దన్నవాళ్ల పేరు రాయొద్దు, ఎందుకంటే భూమి ఎవరిదో, కూలి ఎవరిస్తారో ఊళ్లో అందరికీ తెలుసు, రేపు పని పోయేది వాళ్లకే. ఫొటోలు తేదీ పడేలా తీసి, ఒరిజినల్స్ ఫోన్లోంచి చెరిపేయకుండా ఉంచండి.

నీళ్ల సంగతి మాత్రం మాటతో ఆపొద్దు, పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇచ్చి రిపోర్టు తీసుకోండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. మన ప్రాంతానికి ఇది కొత్త సమస్య కాదు. దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాకే విడిపోయాయి. ఎద్దులు కాళ్లు పట్టేసి నడవలేకపోవడం ముందు గమనించింది రైతులేనని చెబుతారు. డాక్టర్లకంటే ముందు కాడి పట్టినవాళ్లకు తెలిసిందన్నమాట. వానలు తగ్గి బోర్లు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ కలిసే రాతిపొరల నీళ్లే గతి అవుతాయి కాబట్టి కనిగిరి వైపు ఊళ్లు ఈ రిపోర్టు లేకుండా ఏ మీటింగుకూ వెళ్లొద్దు.

గ్రామసభలో

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని అన్ని పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, చాలామంది ఆ రోజే మొదటిసారి సభకు వెళ్లారు. మళ్లీ సభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. నోటితో చెప్పి వచ్చేయొద్దు, రాసిన కాగితం రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. మీ విషయం తీర్మానాల పుస్తకంలో రాశారో లేదో అక్కడే చూడండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు నంబరు జాగ్రత్త.

కౌలు రైతులకు ఒక మాట: ఎవరు ఏ పంట వేశారో సర్కారు రాసుకునే ఈ-క్రాప్‌లో మీ పేరు పడిందో లేదో పంట వేసినప్పుడే చూసుకోండి. నీళ్లు వచ్చి పోయాక చూసుకుంటే చేసేదేమీ ఉండదు.

ప్రజాభిప్రాయ సేకరణలో

ఇదే అసలైన చోటు, మనవాళ్లు ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే. పెద్ద ఫ్యాక్టరీయో, విద్యుత్ కేంద్రమో, గనో వచ్చేముందు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద చాలా ప్రాజెక్టులకు సభ పెట్టాలి. నడిపేది కాలుష్య నియంత్రణ మండలి, అధ్యక్షత వహించేది కలెక్టరో ఆయన తరఫున వచ్చే అధికారో. సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. ప్రాజెక్టు సారాంశం తెలుగులో ఇవ్వాలి, అది కలెక్టరేట్లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో చూడటానికి దొరకాలి. ఆ 30 రోజుల్లో మొదటి వారమే వెళ్లి తెచ్చుకుని కాలనీలో పైకి చదివించండి. నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు, వాడిన నీళ్లు ఎక్కడికి వదులుతారు, బూడిద ఎక్కడ పోస్తారు, ఈ మూడే చూడండి చాలు.

నేను వెళ్లిన ఒక సభలో షామియానా ముందు వరుసలన్నీ పొద్దున్నే నిండిపోయాయి, పైఊళ్ల నుంచి వ్యాన్లలో వచ్చినవాళ్లతో. పక్కనే ఉండే కాలనీవాళ్లు వెనక ఎండలో నిలబడ్డారు, వాళ్లదాకా మైకు రాలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే తొందరగా వెళ్లండి, ఎవరు ఏం మాట్లాడాలో ముందురోజే పంచుకోండి, ఒక్కొక్కరు ఒక్క విషయమే రెండు నిమిషాల్లో చెప్పండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే హక్కు ఉంది. మైకు అందకపోయినా, అసలు రాలేకపోయినా, రాసిచ్చిన అభ్యంతరానికీ అంతే విలువ. సభను వీడియో తీయాలి. చివర్లో అందరూ చెప్పినవాటి సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. భోజనాలు పెట్టగానే జనం లేచిపోతారు, సరిగ్గా అప్పుడే చదువుతారు. పదిమందైనా కూర్చోండి, మీ మాట అందులో లేకపోతే లేచి చెప్పి చేర్పించండి.

పర్యావరణానికి మేలు చేసే ప్రాజెక్టు కదా, అభ్యంతరం చెబితే బాగుండదేమో అని మొహమాటపడొద్దు. ఉలవపాడు దగ్గర కరేడు జనం 2025లో రోడ్డెక్కింది సోలార్ పరిశ్రమ కోసం పచ్చని పొలాలు తీసుకోవద్దనే. సోలార్ మనకు కావాలి, ఖచ్చితంగా కావాలి, కానీ దాని కోసం ఎవరి భూమి పోతోందో, భూమి లేని కూలీకి ఏం ఇస్తారో అడగకుండా వచ్చేది న్యాయం కాదు.

సభ తర్వాత

ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇస్తే ఆ పత్రం కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ వెబ్‌సైట్లో పెడతారు. దాన్ని సవాలు చేయాలంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచికి 30 రోజుల్లో వెళ్లాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు. లాయరుకు డబ్బుల్లేవని ఆగిపోవద్దు. ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు, వరద, కరువు బాధితులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఇప్పటికే నడుస్తున్న ఫ్యాక్టరీ అయితే అనుమతిలో పెట్టిన షరతులు ఎలా పాటిస్తోందో ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. అది తెప్పించుకుని, మీ పేజీలు పక్కన పెట్టుకుని చదవండి.

అన్ని కాగితాలకూ మూడు సెట్లు తీయించండి. ఒకటి రాసినవాళ్ల దగ్గర, ఒకటి ఊరి బయట నమ్మకమైన మనిషి దగ్గర, మూడోది ఆ కాలనీలోనే, వాన తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి.