బైకు మీద వాకీటాకీ: గాలిని కాదు, గొంతునే పట్టుకునేలా

బటన్ నొక్కకుండా, మాట వినగానే సెట్ దానంతటదే ప్రసారం మొదలుపెట్టడాన్ని వాక్స్ అంటారు. చిక్కల్లా గాలితోనే. సెట్‌కు హోరైనా గొంతైనా ఒకటే.

మన దేశంలో లైసెన్సు లేకుండా వాడాలంటే 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, అనుమతి ఉన్న తక్కువ పవర్ సెట్లే కొనండి. అందరికీ ఒకే ఛానెల్, ఒకే ప్రైవసీ కోడ్ (అదే కోడ్ పెట్టిన సెట్ల మాటలే వినిపించేలా చేసే అంకె) పెట్టాలి.

ఫుల్‌ఫేస్ హెల్మెట్ లేకపోతే వాక్స్ జోలికి వెళ్లకండి. మైక్ పెదవి మూలకు తగిలీ తగలనట్టు ఉండాలి, స్పాంజి తొడుగు తప్పనిసరి. స్పీకర్ సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా రావాలి. ఒక అంగుళం పక్కకు జరిగినా మాట వినపడదు.

సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న శబ్దానికి సెట్ మేలుకోవాలన్నది, సరిపోయిందో లేదో ఆగి ఉన్న బండి మీద చూస్తే దండగ. అన్నిటికన్నా తక్కువ మెట్టుతో మొదలుపెట్టి, ఖాళీ రోడ్డు మీద 60 వేగంలో చూడండి. మీరు నోరు మెదపకపోయినా వెనకాయనకు హోరు వెళ్తుంటే స్పాంజి, వైజర్ చూసుకోండి. అరిస్తేగానీ అందుకోకపోతే ఒక మెట్టు పెంచండి. మార్పులన్నీ బండి పక్కకు ఆపాకే.

సెట్ మేలుకునేలోపు మొదటి మాట తెగిపోతుంది. "ఎడమవైపు గుంత" అంటే అవతల "వైపు గుంత" అనే వినిపిస్తుంది, ఏ వైపో తెలియదు. అందుకే "అన్నా, అన్నా, ఎడమవైపు గుంత" అనండి. తెగేది పిలుపే.

ఒక్క సెట్ గాలి హోరుకు ప్రసారం చేస్తూ ఉండిపోయినా ఛానెల్ మొత్తం మూసుకుపోతుంది, ఆ సెట్ బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. హైవే వేగాల్లో వాక్స్ ఆపేసి, ఎడమ హ్యాండిల్‌కు నొక్కి మాట్లాడే వైరు బటన్ కట్టుకోవడమే మేలు.