'హులు' మాట వేరు పట్టుకోవడం ఎలా

మలయ్, బోర్నియో దీవిలోని బంజార్, ఇబాన్ వంటి మలాయిక్ శాఖ భాషల్లో ఒక మాట పుట్టుక తేల్చాలంటే నిఘంటువులో కనబడ్డ మొదటి అర్థం దగ్గర ఆగకూడదు. మలయ్ 'హులు'నే తీసుకోండి. ఈనాటి వాడుకలో అది నదికి ఎగువ ప్రాంతం. పాత అర్థం తల.

మొదట రూపాలు పోగుచేయండి, ప్రతి రూపం పక్కన భాష, అర్థం రాయండి. మలయ్, బంజార్‌లలో హులు, ఇబాన్‌లో ఉలు. శాఖ దాటితే ఫిలిప్పీన్స్ భాష తగలోగ్ ఉలో, పసిఫిక్ దీవుల భాష సమోవన్ ఉలు. ఈ రెండింటికీ అర్థం తలే.

పోలిక ఉంది కదా అని చుట్టరికం కలపకండి. ఆ 'హ' మిగతా మాటల్లోనూ అలాగే వచ్చిపోతోందా చూడాలి. వాన: మలయ్ హుజన్, ఇబాన్ ఉజన్, తగలోగ్ ఉలాన్. కాలేయం: హాతి, ఆతి, అతాయ్. వరుస కుదిరింది. మూలభాషలో ఇక్కడ కొండనాలుక దగ్గర పలికే ఒక హల్లు ఉండేదని పండితులు ఊహించారు. అది 'క' కాదు; పేనుకు మలయ్‌లో కుతు, తగలోగ్‌లో కుతో, అక్కడ 'క' చెక్కుచెదరలేదు. సెలంగోర్‌లో హులు లంగత్, సింగపూర్‌లో ఉలు పాండన్ అన్న పేర్లు చూసి రెండు మాటలనుకోవద్దు.

తరువాత ఎరువు మాటలను, అంటే వేరే భాషల నుంచి తెచ్చుకున్నవాటిని, వేరుచేయండి. మలయ్‌లో తలకు ఇప్పుడు 'కెపాల' అంటారు. ఇది సంస్కృత కపాలమే, మనకు కొత్తేం కాదు. తల అనే పని అది తీసుకున్నాక హులుకు పక్క అర్థాలే మిగిలాయి: నది తల, అంటే ఎగువ, కత్తి తల, అంటే పిడి (హులు కెరిస్; కెరిస్ అంటే బాకు). 'దహులు' అంటే పూర్వం. తెలుగు 'ముందు' చోటుకూ కాలానికీ చెల్లినట్టే ఇదీను.

ఎక్కువమంది పొరబడేది 'హులున్' దగ్గర. పాత మలయ్‌లో అది సేవకుడు, బంజార్‌లో 'ఉలున్' అంటే వినయంగా 'నేను'. తలతో సంబంధం లేని వేరే ధాతువది. చివర 'న' ఎక్కడిదో చెప్పలేకపోతే జతచేయకండి.

సాధిత పదాలకు దేశం తప్పక రాయాలి. 'పెంగ్‌హులు' మలేషియాలో ముకిమ్ (జిల్లాలో ఒక పాలనా విభాగం) పెద్ద, సుమత్రాలోని మినంకబావ్‌లో (పంగులు) వంశపెద్ద, ఇండోనేషియాలో ముస్లిం పెళ్లిళ్లు నమోదుచేసే అధికారి. సింగపూర్ మాటల్లో 'ఉలు' అంటే మారుమూల.