ఉగాండా రాజధాని కంపాలా లాంటి ఊళ్ళో గాలి బాగుపడాలంటే ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత?

ఆఫ్రికాలో ఎయిర్ పొల్యూషన్ అనగానే మనవాళ్ళు చాలామంది "అక్కడ ఫ్యాక్టరీలే పెద్దగా లేవు కదండీ, ఇంక పొల్యూషన్ ఎక్కడిది" అంటారు. కంపాలా వెళ్ళకముందు నేనూ అదే బ్యాచ్. ఉగాండా అంటే పచ్చటి కొండలు, విక్టోరియా సరస్సు, ఏడాదంతా మన బెంగళూరు లాంటి వాతావరణం... అవన్నీ నిజమే. కానీ పొద్దున ఆరున్నరకి కొండ మీదున్న మా బాల్కనీలోంచి కిందకి చూస్తే పల్లంలో ఇళ్ళ మీద తెల్లగా ఏదో పరుచుకుని ఉండేది, మొదటి వారం అది మంచు అనుకుని ఫోటో తీసి ఇంట్లో వాళ్ళకి పంపా కూడా. తర్వాత కిందకి దిగి నడిస్తే తెలిసింది, అందులో మంచు కంటే పొగే ఎక్కువ.

ముందు ఒక లెక్క చెప్తా. 2019లో ఆఫ్రికా మొత్తం మీద గాలి కాలుష్యం వల్ల సుమారు 11 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో దాదాపు 7 లక్షలు ఇంట్లో వంట పొగ వల్ల, మిగతా 4 లక్షలు బయటి గాలి వల్ల. ఇది గుర్తుంటే ఏ పని మీద ఎక్కువ బరువు పెట్టాలో సగం తేలిపోయినట్టే. ఆఫ్రికా అంటే ఒక దేశం కాదు, 54 దేశాలు. దక్షిణాఫ్రికా ఎంపుమలంగాలో బొగ్గు పవర్ ప్లాంట్లది గోల, లాగోస్‌లో జనరేటర్లది, పశ్చిమ ఆఫ్రికాలో నవంబర్ నుంచి మార్చి దాకా సహారా నుంచి వచ్చే హర్మటన్ దుమ్ముది. కాబట్టి అందరికీ ఒకటే మందు ఉండదు. నాకు తెలిసింది కంపాలా, అందుకని ఆ ఊరినే పట్టుకుని చెప్తున్నా. మీరు అక్కడ మునిసిపాలిటీతోనో ఎన్జీవోతోనో పనిచేస్తున్నారు అనుకుని చదవండి.

మొదటి పని: కొలవండి

కొలవకుండా మొదలుపెడితే ఎవరి మీద ఎవరు అరిచినా ఉపయోగం లేదు. చూడాల్సింది ముఖ్యంగా పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే సన్న ధూళి. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పిన దాని ప్రకారం ఏడాది సగటు క్యూబిక్ మీటర్‌కి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, మన ఇండియా లిమిట్ 40. కంపాలా సగటు ఆ 5కి చాలా రెట్లు ఎక్కువ.

గవర్నమెంట్లు వాడే పెద్ద మానిటర్ ఒక్కోటి లక్షల్లో ఉంటుంది, దానికి ఏసీ గది కావాలి, కరెంటు పోకూడదు. అక్కడ ఊరంతా అవి పెట్టడం అయ్యే పని కాదని 2015లో కంపాలాలోని మకెరెరే యూనివర్సిటీ వాళ్ళు ఎయిర్‌క్యూ అని సొంతంగా సెన్సర్లు తయారుచేయడం మొదలుపెట్టారు. ఎండకి, దుమ్ముకి, కరెంటు కోతకి తట్టుకునేలా సోలార్‌తో నడిచేవి, కొన్నింటిని బోడా బోడాల మీద కూడా కట్టారు (బోడా అంటే అక్కడి బైక్ ట్యాక్సీ, మన ర్యాపిడో కంటే చాలా ముందునుంచీ ఉంది). ఇప్పుడు ఆఫ్రికాలో చాలా నగరాలకి ఇవే వెళ్తున్నాయి, యాప్‌లో ఎవరైనా ఫ్రీగా చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చౌక సెన్సర్ లోపల లేజర్ కాంతి ధూళి మీద పడి చెదిరితే దాన్ని లెక్కపెడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే నీటి తుంపర్లని కూడా ధూళి అనుకుని ఎక్కువ చూపిస్తుంది. అందుకే కొన్ని సెన్సర్లని పెద్ద మానిటర్ పక్కనే కొన్నాళ్ళు పెట్టి రెండింటి తేడా చూసి సరిచేయాలి. ఈ పని వదిలేసి పేపర్‌కి నంబర్లు ఇచ్చేస్తే మొదటి వానాకాలంలోనే పరువు పోతుంది.

రెండో పని: ఏ టైమ్‌కి, ఏ వీధిలో అని చూడండి

ఊరి సగటుతో పని జరగదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఏడు తర్వాత నంబర్లు ఎగబాకుతాయి, మధ్యాహ్నం గాలి తోలి తగ్గుతాయి. డిసెంబర్-ఫిబ్రవరి, జూన్-ఆగస్టు ఎండు నెలల్లో ఇంకా ఎక్కువ. కంపాలా మొత్తం కొండలూ పల్లాలూ కదా, డబ్బున్నవాళ్ళు కొండ మీద, పేదవాళ్ళు పల్లంలో చిత్తడి నేలల్లో, రాత్రి చల్లబడ్డ గాలి పొగని పట్టుకుని ఆ పల్లంలోనే కూర్చుంటుంది. ఒక వారం పాటు నోట్‌బుక్ పట్టుకుని సెన్సర్ పెట్టిన చోట తిరగండి, ఆ టైమ్‌కి ఎవరు ఏం కాలుస్తున్నారో రాసుకోండి. ఎక్సెల్ షీట్ కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ చెప్తుంది.

మూడో పని: చెత్త కాల్చడం ఆపించండి (బండ్ల కంటే ముందు ఇదే)

కంపాలా చెత్తలో ఎక్కువ భాగం వంటింటి చెత్తే, మాటోకే అని పచ్చి అరటికాయ ఉడికించి తింటారు, ఆ తొక్కలు కుప్పలు కుప్పలు. తడి తొక్కలూ ప్లాస్టిక్ కవర్లూ కలిపి అంటిస్తే మంట రాదు, పొగే వస్తుంది. జనం ఎందుకు కాలుస్తారంటే బండి రాదు, వస్తే డబ్బు అడుగుతుంది, పల్లంలో ఇరుకు దారిలోకి అసలు దూరదు. అప్పట్లో ఊరికంతటికీ ఉన్న ఒకే ఒక్క డంపింగ్ యార్డ్ కిటేజీ, 2024 ఆగస్టు 10న ఆ చెత్త కొండ ఇళ్ళ మీదకి కూలి 30 మందికి పైగా చనిపోయారు. అలాంటి ఊళ్ళో "చెత్త కాలిస్తే ఫైన్" అని బోర్డు పెడితే ఎవరు వింటారు చెప్పండి.

చేయాల్సింది ఇది. తడి చెత్త వేరుగా తీసుకునే ఏర్పాటు వీధి దగ్గరే చేయండి, బండి దూరని చోట తోపుడుబండ్ల కుర్రాళ్ళకి నెలజీతం ఇవ్వండి. అరటి తొక్కలు పశువుల మేతకి పోతాయి, కంపోస్ట్ అవుతాయి, ఎండబెట్టి కాల్చి పొడి చేసి బొగ్గు ఉండలు కూడా చేస్తున్నారు. చెత్త పెరట్లోంచి పోయే దారి ఒకటి కనపడ్డాక అప్పుడు ఫైన్ వేయండి. పక్కనే రువాండాలో 2008 నుంచి ప్లాస్టిక్ సంచులు బ్యాన్, నెలకో శనివారం ఉముగాండా అని ఊరంతా కలిసి వీధి పనులు చేస్తారు. అది చూసి చాలామంది "అలా స్ట్రిక్ట్‌గా ఉండాలి" అంటారు కానీ, అక్కడ బ్యాన్‌తో పాటు చేసే మనుషులు కూడా వీధిలోకి దిగారు అన్నది మర్చిపోతారు.

నాలుగో పని: వంటిల్లు

అసలు కథ ఇక్కడుంది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా.

మా గేటు పక్కన ఒకావిడ రోలెక్స్ అమ్మేది. వాచీ కాదండోయ్, చపాతీలో ఆమ్లెట్ చుట్టి ఇస్తారు, ఒకప్పుడు మనవాళ్ళు పట్టుకెళ్ళిన చపాతీయే. ఆవిడ పొయ్యిని సిగిరి అంటారు, మన కుంపటే. పొద్దున అంటించేటప్పుడు ఒక ప్లాస్టిక్ కవర్ ముక్క కింద పెట్టి, దాని మీద బొగ్గు పేర్చి, చీపురు పుల్లల విసనకర్రతో విసురుతుంది, ఆ పది నిమిషాలూ నల్లటి పొగ, వీపున కట్టుకున్న పిల్ల దగ్గుతూ ఉంటుంది. ఓరోజు గ్యాస్ కొనొచ్చు కదా అన్నా. "సెబో, గ్యాస్‌కి అంత డబ్బు ఒక్కసారి ఎక్కడిది? బొగ్గయితే ఈరోజుకి సరిపడా కవేరాలో తెచ్చుకుంటా" అంది. సెబో అంటే అయ్యగారూ లాంటి మాట, కవేరా అంటే ప్లాస్టిక్ కవర్.

ఆ ఒక్క ముక్కలో మొత్తం ఉంది. రోజు లెక్కన చూస్తే బొగ్గు చవకేం కాదు, కానీ చిల్లరగా దొరుకుతుంది. గ్యాస్ చిల్లరగా దొరకదు. ఆఫ్రికాలో దాదాపు 100 కోట్ల మంది ఇలా కట్టెలూ బొగ్గు మీదే వండుకుంటున్నారు. 2023లో ఉత్తర ఉగాండాలో చెట్లు కొట్టి బొగ్గు అమ్మడాన్ని ప్రెసిడెంట్ ఆర్డర్‌తో బ్యాన్ చేశారు, కానీ కంపాలాకి బొగ్గు మూటలు రావడం ఆగలేదు, ఎందుకంటే వండుకోవడం ఆగదు కదా.

మనకి ఇది కొత్త కాదు. 1999లో ఉమ్మడి ఏపీలో దీపం పథకం, 2016లో ఉజ్వల, కనెక్షన్లు బాగానే ఇచ్చారు, కానీ సిలిండర్ అయిపోయాక మూలన పెట్టి మళ్ళీ కట్టెల పొయ్యి ఊదిన ఇళ్ళు మనందరం చూశాం. కాబట్టి కనెక్షన్లు ఎన్ని ఇచ్చాం అని కాదు, రెండో రీఫిల్ ఎంతమంది తీసుకున్నారు అని లెక్కపెట్టండి. కెన్యాలో సిలిండర్ మీద మీటర్ పెట్టి, ఫోన్‌లో ఎంపెసాతో రోజుకి కావాల్సినంతే డబ్బు కట్టి వాడుకునే పద్ధతి వచ్చింది, ఆ రోలెక్స్ ఆవిడకి పనికొచ్చేది అదీ.

ఇంకోటి, ఉగాండాలో కరెంటు ఎక్కువగా నైలు నది మీద డ్యాముల నుంచే వస్తుంది, కరుమా అని 600 మెగావాట్ల ప్రాజెక్టు కూడా 2024లో ప్రారంభించారు. అంటే అక్కడ కరెంటు మీద వండితే పొగ ఇంకో ఊరికి పోదు, అసలే ఉండదు. బీన్స్ అక్కడ రోజూ తింటారు, బొగ్గు మీద ఉడకడానికి గంటలు పడుతుంది, ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో ఒక యూనిట్ కూడా కాలదు. వంటకి వాడేవాళ్ళ కోసం తక్కువ రేటు టారిఫ్ కూడా పెట్టారు, కానీ ఈ సంగతి వీధిలో చాలామందికి తెలియదు. అందుకే మీటింగ్ హాల్లో పవర్‌పాయింట్ కాదు, మార్కెట్‌లో అందరి ముందు బీన్స్ వండి మీటర్ చూపించండి, కుక్కర్ వాయిదాల మీద ఇప్పించండి.

అది కుదరని చోట కనీసం కెన్యా జికో లాంటి మట్టి పూత ఉన్న పొయ్యి వాడితే బొగ్గు తగ్గుతుంది. అయితే తలుపులు వేసుకుని సిగిరి గదిలో పెట్టుకుని పడుకోవద్దని ప్రతి ఇంటికీ చెప్పాల్సిందే. పొగ లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు.

ఐదో పని: రోడ్డు దుమ్ము

మనం మొరం అన్నట్టే అక్కడా మరమ్ అంటారు, ఎర్ర మట్టి రోడ్లు. ఎండు నెలల్లో నీళ్ళు చల్లడం ఒక పూటకే. స్కూళ్ళు, మార్కెట్ల దగ్గర ముందు తారు వేయండి, అంచులకి గడ్డి పెంచండి, కన్‌స్ట్రక్షన్ లారీలకి పట్టా కప్పించండి. అంతే.

ఆరో పని: బండ్లు

మూడు విషయాలు. ఒకటి ఆయిల్. 2015 నుంచి కెన్యా, ఉగాండా, రువాండా, టాంజానియా, బురుండి కలిసి డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 50) దాటకూడదని పెట్టుకున్నాయి, ఇది మంచి పని, బంకుల్లో శాంపిల్స్ తీసి చెక్ చేస్తూ ఉంటే చాలు. దేశాలు కలిస్తే అవుతుంది అనడానికి పాత ఉదాహరణ కూడా ఉంది: 2001లో డకార్‌లో కూర్చుని ఒప్పుకుంటే 2006కల్లా సహారా కింది దేశాలన్నింటిలో సీసం పెట్రోల్ పోయింది.

రెండు పాత బండ్లు. 2015-18 మధ్య యూరప్, జపాన్, అమెరికా నుంచి 1.4 కోట్ల పాత బండ్లు బయటికి పోతే అందులో 40 శాతం ఆఫ్రికాకే వచ్చాయి, కొన్నింట్లో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించే భాగం) పీకేసి మరీ పంపారు. కెన్యా 8 ఏళ్ళు దాటినవి రానివ్వదు, ఉగాండా 2018లో 15 ఏళ్ళు అని లిమిట్ పెట్టింది. వయసు ఒక్కటే చూస్తే లాభం లేదు, పోర్టులోనే పొగ టెస్ట్ చేయాలి, కన్వర్టర్ ఉందో లేదో వంగి చూడాలి.

మూడు బోడాలు. ఎలక్ట్రిక్ బోడా గురించి నాకు మొదట నమ్మకం లేదు, రోజంతా తిరిగే బండికి ఛార్జింగ్ ఎక్కడ పెడతారులే అనుకున్నా. బ్యాటరీ స్టేషన్‌కి వెళ్ళి ఖాళీది ఇచ్చి నిండుది తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్ళిపోతున్నారు. బోడా నడిపే కుర్రాడు పొగ సంగతి పట్టించుకోడు, పెట్రోల్ డబ్బు మిగలడమే చూస్తాడు, కాబట్టి ప్రచారం కూడా ఆ లెక్కతోనే చేయండి. పధ్నాలుగు సీట్ల పాత వ్యాన్ల సంగతి దీనికంటే కష్టం, పెద్ద బస్సులు తెచ్చి వాటికి వేరే దారి ఇచ్చేదాకా అవి పోవు.

ఏడో పని: కాగితం మీద పెట్టించండి

ఉగాండా 2024లో గాలి నాణ్యత మీద రెగ్యులేషన్స్ తెచ్చింది. రూల్ ఉందంటే అడిగే హక్కు ఉంది. దక్షిణాఫ్రికాలో బొగ్గు పవర్ ప్లాంట్లున్న హైవెల్డ్ ప్రాంతం జనం తరఫున రెండు సంస్థలు కేసు వేస్తే 2022 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు, అక్కడి పొల్యూషన్ రాజ్యాంగ హక్కుకి భంగం అని తీర్పు ఇచ్చింది. ఆ కేసు నిలబడింది కొలతల మీదే, అందుకే మొదటి పని మొదట పెట్టా.

చివరగా, ఇప్పుడు కంపాలాలోనో నైరోబీలోనో ఉంటున్న మనవాళ్ళకి. పొద్దున్నే వాకింగ్ మానేసి పది తర్వాతో, సాయంత్రం నాలుగింటికో వెళ్ళండి. పొద్దునా రాత్రీ కిటికీలు మూసి మధ్యాహ్నం తెరవండి, మనం రివర్స్‌లో చేస్తుంటాం. బోడా ఎక్కితే ఎన్95 పెట్టుకోండి, కర్చీఫ్ పీఎం 2.5ని పెద్దగా ఆపదు. ఇంట్లో పనిచేసే ఆవిడ పెరట్లో సిగిరి మీద మీ బీన్స్ ఉడకబెడుతుంటే ఒక కుక్కర్ కొని ఇవ్వండి. మేము మా దగ్గరున్న రెండోది ఆ రోలెక్స్ ఆవిడకి ఇచ్చాం. చపాతీకి దాంతో పనిలేదు అని నవ్వి తీసుకుంది, వారం తర్వాత అడిగితే ఇంట్లో బీన్స్‌కి అదే వాడుతోందట, గేటు దగ్గర సిగిరి మాత్రం అలాగే ఉంది.