రీపర్‌లో ఆడియో, మిడి సెట్టింగులు ఎలా చేసుకోవాలి?

ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), చిన్న మిడి కీబోర్డు కొని తెచ్చాను. కేబుళ్లన్నీ పెట్టి మెట్లు నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా గదిలో రెండు రోజులు ఇదే టెన్షన్. కీబోర్డు పాడైందనుకుని వెనక్కి ఇచ్చేద్దామని డబ్బాలో సర్దేశాను కూడా. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆన్ చేయలేదు, అంతే.

అసలు చిక్కు ఎక్కడంటే, ఆడియో దారి వేరు, మిడి దారి వేరు. ఒకటి సరిచేస్తే రెండోది దానంతట అదే రాదు. మిడిలో శబ్దం ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే కబురు మాత్రమే వెళ్తుంది. దాన్ని శబ్దంగా మార్చడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక వాయిద్యం ఉండాలి.

నేను వాడేది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. మిగతా సాఫ్ట్‌వేర్లలో మెనూల పేర్లు మారతాయి కానీ పని ఇదే.

1. ముందు డ్రైవర్, అంటే ఇంటర్‌ఫేస్‌తో కంప్యూటర్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్. విండోస్ అయితే మీ ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్ల ఆసియో (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే రకం) డ్రైవర్ వేసుకోండి. కంపెనీ డ్రైవర్ లేకపోతే ఆసియో4ఆల్ అనే డ్రైవర్‌తో నెట్టుకురావచ్చు. మ్యాక్‌లో ఆ పనికి కోర్ ఆడియో ముందే ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌ని యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి.

2. రీపర్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్లి ప్రిఫరెన్సెస్ తెరవండి. ఆడియో కింద డివైస్ నొక్కి, విండోస్‌లో ఆడియో సిస్టమ్ దగ్గర ఆసియో, దాని కింద మీ డ్రైవర్ ఎంచుకోండి. శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది) వీడియో కోసమైతే 48000, పాట ఒక్కటే అయితే 44100 చాలు. మధ్యలో మార్చకండి.

3. ఇక బ్లాక్ సైజు, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు తునకల (శాంపిళ్ల) సంఖ్య. గొంతు విప్పాక హెడ్‌ఫోన్‌లో మన పాట ఆలస్యంగా వినిపిస్తే తాళం జారిపోతుంది. తప్పు గాయకుడిది కాదు, ఈ అంకెది. 48000 రేటు దగ్గర 128 పెడితే ఆలస్యం సెకనులో వెయ్యో వంతులు మూడు కూడా ఉండదు. 1024 పెడితే 21 దాటుతుంది. అదీ ఒక వైపుకే. లోపలికి వెళ్లి బయటికి రావాలి కాబట్టి రెట్టింపు, పైన డ్రైవర్ వాటా. రికార్డింగ్‌కి 128తో మొదలెట్టండి. చిటపటలు వస్తే 256కి పెంచండి. మిక్సింగ్‌లో పాడేవాళ్లు ఉండరు కాబట్టి 1024 పెట్టి ప్రాసెసర్‌కి ఊపిరి తీసుకోనివ్వండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ (గొంతుని కంప్యూటర్ దాకా పంపకుండానే హెడ్‌ఫోన్‌లో వినిపించేది) ఉంటే ఇంకా హాయి. అప్పుడు రీపర్ ట్రాకులో మానిటరింగ్ (లోపలికొచ్చే శబ్దాన్ని వినిపించడం) ఆపేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

4. మిడికి అదే ప్రిఫరెన్సెస్‌లో మిడి ఇన్‌పుట్స్ చూడండి. పాత వెర్షన్లలో దాని పేరు మిడి డివైసెస్. మీ కీబోర్డు పేరు దగ్గర ఇన్‌పుట్‌ని ఎనేబుల్ చేయండి. నేను వదిలేసింది ఇదే. తర్వాత కొత్త ట్రాకు మీద రియాసింత్ లాంటి వాయిద్యం పెట్టి, ట్రాకు మీది ఎర్ర రికార్డు బటన్ నొక్కి, ఇన్‌పుట్‌గా అన్ని మిడి ఇన్‌పుట్‌లు, అన్ని ఛానళ్లు ఎంచుకుని, మానిటరింగ్ ఆన్ చేయండి.

మెట్టు నొక్కితే ట్రాకు మీటరు కదలకపోతే కబురే రావడం లేదు, ఇన్‌పుట్ చూసుకోండి. మీటరు కదిలినా మోగకపోతే వాయిద్యాన్ని, ఆడియో అవుట్‌పుట్‌ని చూడండి. సొంత శబ్దాలున్న పెద్ద కీబోర్డులో ప్రతి స్వరం రెండేసిసార్లు మోగుతుంటే, దాని మెనూలో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయండి.

5. కండెన్సర్ మైకుకి (కరెంటు కావలసిన రకం) ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ నొక్కండి. గట్టిగా పాడించి, మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) తిప్పండి. తప్పెటగుళ్లు వాయించే మిత్రుడు వచ్చిన రోజు మొదటి దెబ్బకే మీటరు ఎర్రబడింది. తాళవాద్యాలకి ఇంకా తగ్గించుకోవాలి.

గుంయ్‌మని మోత వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే గోల కరెంటుది, ఎర్తింగ్ చూపించుకోవాలి. ఫ్యాను మాత్రం ఆపాల్సిందే. మన విశాఖలో మే నెలలో అది శిక్షే, అందుకే నేను తెల్లవారుజామున రికార్డు చేస్తాను. పనయ్యాక మైకుని సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టేస్తాను, సముద్రపు తేమ దానికి పడదు.

అన్నీ కుదిరాక ఫైల్ మెనూలో ఆ ప్రాజెక్టుని టెంప్లేట్‌గా సేవ్ చేసుకోండి. రేపు మళ్లీ ట్రాకులు, ఇన్‌పుట్‌లు పెట్టుకునే పని ఉండదు.