ఇద్దరూ కలిసి దీవులు తిరగాలంటే: పడవ లెక్కతో వేసుకునే ప్రయాణం

రెండు వారాల సెలవు చేతికి రాగానే ఏడెనిమిది దీవుల పేర్లు రాసేసుకునే జంటలు చాలామంది. మ్యాపులో 30 కిలోమీటర్లే కనిపించే దూరం నిజానికి సగం రోజు తినేస్తుంది. గది ఖాళీ చేయాలి, రేవుకు బండి పట్టాలి, టికెట్టు తీసుకుని వరసలో నిలబడాలి, సముద్రం మీద రెండు గంటలు గడపాలి, దిగాక మళ్లీ బండి వెతుక్కోవాలి. అందుకని 14 రోజులకు మూడు దీవులు, మహా అయితే నాలుగు పెట్టుకోండి. ఒక్కో చోట కనీసం మూడు రాత్రులు ఉండాలి. రెండు రాత్రులే ఉంటే మధ్యలో మిగిలేది ఒక్క పూర్తి రోజు. ఆ రోజు కాస్తా వాన పడిందంటే ఇంకేమీ మిగలదు.

దీవి కంటే ముందు నెల చూడండి

ఉష్ణమండలంలో వానాకాలం అన్నిచోట్లా ఒకేసారి రాదు. ఒకే దేశంలో రెండు తీరాలకు రెండు వేర్వేరు కాలాలు ఉండొచ్చు. థాయ్‌లాండ్‌లో అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్, క్రబీ, కో లిపే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రశాంతంగా ఉంటాయి. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు అటువైపే కొడతాయి. సిమిలాన్ దీవుల జాతీయ పార్కునైతే మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసే ఉంచుతారు. తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ వైపున్న కో సముయ్, కో ఫంగన్, కో టావోలకు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు, నవంబరులో మరీ ఎక్కువ. కాబట్టి జూలైలో సెలవు దొరికితే ఫుకెట్ వదిలేసి సముయ్ వైపు వెళ్లాలి.

ఇండోనేషియాలోని బాలి, లోంబోక్, ఫ్లోరెస్‌లకు మే నుంచి సెప్టెంబరు దాకా పొడికాలం. అయితే జూలై, ఆగస్టుల్లో గాలి బలంగా వీచి బాలికీ లోంబోక్‌కూ మధ్య నీళ్లు ఎగసిపడతాయి. ఆకాశం నీలంగా ఉన్నా పడవలు ఆపేస్తారు. బాలిలో న్యెపీ అనే మౌన దినం పండుగ సాధారణంగా మార్చిలో వస్తుంది. ఆ రోజు విమానాశ్రయంతో సహా అన్నీ 24 గంటలు మూతే, తేదీ ముందే చూసుకోండి. ఫిలిప్పీన్స్‌లో జూలై నుంచి అక్టోబరు దాకా తుపాన్ల జోరు. హెచ్చరిక వచ్చిందంటే కోస్ట్ గార్డ్ పడవలను కదలనివ్వదు. మాల్దీవుల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటుంది, కాకపోతే శుక్రవారం ప్రభుత్వ ఫెర్రీలు చాలావరకు నడవవు.

నెల ఖాయమయ్యాక దీవుల వరస. విమానాశ్రయానికి అన్నిటికంటే దూరంగా ఉన్న దీవికి ముందు వెళ్లి, దగ్గరున్నదాన్ని చివరికి ఉంచుకోండి. ఆఖరి పడవకూ తిరుగు విమానానికీ మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఖాళీగా వదలండి. సముద్రం ఒక్కసారి మొండికేస్తే రెండు మూడు రోజులు రేవు తెరవకపోవచ్చు, విమానం మీ కోసం ఆగదు. మొదటి రెండు రాత్రులకూ చివరి రాత్రికీ గది ముందే పట్టుకుని, మధ్య రోజులను వదులుగా ఉంచితే దారి మార్చుకోవడం తేలిక. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో మాత్రం ఈ ధైర్యం వద్దు.

పడవ ఎప్పుడూ పొద్దున్నదే ఎక్కండి. మధ్యాహ్నానికి గాలి పెరిగి అలలు లేస్తాయి. పైగా పొద్దున్నది రద్దయినా సాయంత్రం దాకా ఇంకోటి దొరికే వీలుంటుంది.

బ్యాగులు: రెండూ విడివిడిగా బతకగలగాలి

ఒక్కొక్కరికి 40 లీటర్ల బ్యాగు చాలు. చవక విమానాల్లో చాలావాటికి చేతి సామాను పరిమితి 7 కిలోలు, ఇంట్లోనే తూచుకోండి. మూడు పై బట్టలు, రెండు షార్టులు, దోమల వేళకు పలచటి పొడుగు ప్యాంటు ఒకటి, ఐదు జతల లోదుస్తులు, నిండు చేతుల ఈత చొక్కా ఒకటి, సన్నటి వాన జాకెట్టు, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు. టవలు బదులు పలచటి లుంగీ పెట్టుకుంటే తుడుచుకోవడానికీ, కప్పుకోవడానికీ, పడవలో ఎండకు అడ్డం పెట్టుకోవడానికీ పనికొస్తుంది, గంటలో ఆరిపోతుంది. జీన్స్ తీసుకెళ్లొద్దు. అక్కడి తేమకు రెండు రోజులైనా ఆరదు, మూడో రోజుకు వాసన మొదలవుతుంది.

జంటలు బ్యాగు సర్దేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. మందులన్నీ ఒకరి దగ్గర, చార్జర్లూ డబ్బూ మరొకరి దగ్గర పెడతారు. ఒక్క బ్యాగు పోయినా, తడిసినా ఇద్దరూ ఇరుక్కుంటారు. ఏ ఒక్క బ్యాగు మిగిలినా దాంతో ఇద్దరూ ఒక రోజు గడపగలిగేలా సర్దండి. ఒక్కొక్కరి బట్టలు ఒక జత రెండోవారి బ్యాగులో ఉండాలి. రోజూ వేసుకునే మందులను సగం సగం పంచండి. బ్యాంకు కార్డులు వేర్వేరు ఖాతాలవి, చెరొకటి. నగదు మూడు చోట్ల ఉంచండి. చిన్న దీవుల్లో ఏటీఎం ఉండకపోవచ్చు, ఉన్న ఒక్కటీ ఖాళీ అయి ఉండొచ్చు. అక్కడ ఉండే రోజులకు సరిపడా, అదనంగా ఇంకో రెండు రోజులకు నోట్లు వెంట ఉండాలి. బరువును మాత్రం సగం సగం పంచకండి, ఒంటిని బట్టి పంచండి. 50 కిలోల మనిషికి 7 కిలోలు దాటితే మెట్ల రేవుల్లో మోకాళ్లు మొరాయిస్తాయి.

తడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బ్యాగు మీద తొడిగే వాన కవరును నమ్ముకోవద్దు. పడవలో నీళ్లు పైనుంచి కంటే కిందినుంచే ఎక్కువ వస్తాయి. పడవ అడుగున నిలిచిన నీటిలో బ్యాగు నానుతుంటే కవరు ఆ నీటిని పట్టి ఉంచుతుంది కూడా. బ్యాగు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో బట్టలు సర్ది మూతి మెలిపెట్టి కట్టండి. పాస్‌పోర్టులు, ఫోన్లు, మందులకు చెరొక 10 లీటర్ల డ్రై బ్యాగు (నీరు చొరబడని సంచి). దాన్ని మూయడంలోనే ఉంది కిటుకంతా. పైన ఒక జానెడు ఖాళీ వదిలి, గాలి నొక్కేసి, మూతి అంచులు రెండూ ముడత లేకుండా సమానంగా కలిపి, ఒకే వైపుకు కనీసం మూడు చుట్లు చుట్టాకే బకిల్ పెట్టాలి. అంచులో ఒక్క ముడత మిగిలినా నీరు అందులోంచే పాకుతుంది. బయల్దేరే ముందు లోపల టిష్యూ కాగితాలు పెట్టి, బకెట్ నీటిలో ఐదు నిమిషాలు ముంచి చూడండి.

పడవ ఎక్కేటప్పుడు

బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి. నీళ్లలో పడితే బ్యాగు వదిలించుకోగలగాలి. చాలాచోట్ల రేవు ఉండదు, మోకాలి లోతు నీళ్లలోకి దిగాలి. ముందు ఒకరు ఖాళీ చేతులతో దిగి నిలదొక్కుకున్నాక, రెండోవారు బ్యాగులు ఒక్కొక్కటే అందించాలి. ఇద్దరూ ఒకేసారి బ్యాగులతో దిగితే ఎవరో ఒకరు జారతారు.

లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో పడవ కదలకముందే చూడండి, బకిళ్లు పెట్టి చూడండి. అద్దాలు బిగించిన అడుగు క్యాబిన్‌లో కంటే బయటి ద్వారం దగ్గర, పడవ మధ్యకు లేదా వెనక్కు కూర్చోవడం మంచిది, అక్కడ కుదుపు కూడా తక్కువ. కడుపు తిప్పేవారు డైమెన్‌హైడ్రినేట్ లేదా మెక్లిజిన్ మాత్రను బయల్దేరే గంట ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగినా నిలవదు. గర్భనిరోధక మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే అది వేసుకోనట్టే లెక్క.

ఇంట్లో ఉన్నప్పుడే ఒక ఒప్పందం చేసుకోండి. అలలు చూసి ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆ పడవ ఎక్కకూడదు, వాదన కూడా ఉండకూడదు. రేవులో జనం తోసుకుంటుంటే, టికెట్టు డబ్బు పోతుందన్న బాధ ఒకవైపు లాగుతుంటే, అప్పటికప్పుడు మంచి నిర్ణయం రాదు.

ఒంటి జాగ్రత్తలు

డెంగీ దోమ పగలే కుడుతుంది. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల మందు: డీట్ 20–30 శాతం లేదా పికారిడిన్ 20 శాతం. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కళ్లజోడుకీ ఫోన్ కవరుకీ తగలనివ్వకండి. జ్వరం వస్తే పారాసెటమాల్ మాత్రమే వాడి డాక్టరును కలవండి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టొద్దు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంటలైతే దోమల వల్ల వచ్చి కడుపులో బిడ్డకు హాని చేసే జికా వైరస్ గురించి ముందే డాక్టరుతో మాట్లాడాలి.

పగడం గీసుకున్న గాయాన్ని చిన్నదే కదా అని వదలొద్దు. కంటికి ఆనని ముక్కలు లోపల ఉండిపోయి చీము పడుతుంది. శుభ్రమైన నీటితో, సబ్బుతో, నొప్పి పుట్టినా సరే బాగా రుద్ది కడగాలి. కనిపించే ముక్కల్ని పట్టకారుతో తీసేసి యాంటీసెప్టిక్ రాసి, మానేదాకా సముద్రంలో దిగకూడదు. సన్‌స్క్రీన్ కొనేముందు సీసా మీద పేర్లు చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటిని, పగడాలకు హాని చేస్తాయని, పసిఫిక్ దీవుల దేశం పలావ్ 2020 నుంచి, థాయ్ జాతీయ పార్కులు 2021 నుంచి నిషేధించాయి. వీపుకు ఈత చొక్కాయే అన్నిటికంటే మంచి రక్షణ.

విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోతే, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవండి, ఉప్పు పెరిగితే మేలు కంటే కీడే ఎక్కువ.

స్కూటరు అద్దెకు తీసుకుంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌లో ద్విచక్ర వాహనం గడికి ముద్ర ఉందో లేదో చూసుకోండి. కారు ముద్రే ఉంటే ప్రమాదమప్పుడు బీమా కంపెనీ చెల్లించకపోవచ్చు.

స్కూబా డైవింగ్ ఉంటే దాన్ని మొదటి లేదా మధ్య దీవిలో పెట్టుకోండి. ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, వరస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ గాలి ఒత్తిడి తగ్గగానే బుడగలు కడుతుంది. కొండలకూ ఇదే సూత్రం. లోంబోక్ పక్కనున్న గిలి దీవుల్లో డైవ్ చేసి మర్నాడు పొద్దున్నే లోంబోక్‌లోని 3,726 మీటర్ల రింజానీ పర్వతం ఎక్కడానికి బయల్దేరకండి, మధ్యలో ఒక రోజు ఒడ్డున గడపండి.