గుణుపురం నుంచి ఎంబెడెడ్ ఉద్యోగానికి: ఒక్క పరికరంతో సాధన

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు ఇంజనీరింగ్ విద్యార్థులు ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల లోపల ఇమిడి పనిచేసే చిన్న కంప్యూటర్లు) రంగంలోకి రావాలనుకుంటే, పది రకాల బోర్డులు కొని దీపాలు వెలిగించడం కన్నా, వంశధార నది నీటిమట్టాన్ని కొలిచి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపే ఒకే పరికరాన్ని పూర్తిగా తయారుచేయడం మేలు.

ముందుగా సి భాషలో పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, ఇంటరప్ట్‌లు బాగా పట్టుబడాలి. లైబ్రరీలను వాడడం తప్పు కాదు గాని, కనీసం ఒక్క యూఆర్ట్ (డేటాను ఒక్కో బిట్ చొప్పున పంపే సీరియల్ పోర్ట్) డ్రైవర్‌నైనా, వచ్చిన డేటాను వరుసగా నిలిపి ఉంచే రింగ్ బఫర్‌తో సహా, డేటాషీట్ చదువుకుంటూ స్వయంగా రాయాలి. చిప్‌ల మధ్య డేటా పంపే ఇతర పద్ధతులైన ఐ2సీ, ఎస్‌పీఐ ఆ తరువాత సులువుగానే వస్తాయి.

అసలు పాఠం పరికరాన్ని మొబైల్ నెట్‌వర్క్‌కు కలిపే మోడెమ్ దగ్గర మొదలవుతుంది. సిమ్800ఎల్ వంటి 2జీ మోడెమ్ చవకే, కాని జియో సిమ్ అందులో పనిచేయదు. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు. ఇంట్లో చక్కగా నడిచిన పరికరం కొండల నడుమ ఏటిగట్టుకు చేరగానే పదేపదే రీసెట్ అయితే, చాలామంది ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతారు. టవర్ దూరమైన కొద్దీ మోడెమ్ ప్రసార శక్తిని పెంచుతుంది, అప్పుడు అది క్షణకాలం 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. సన్నని తీగల్లో, కనెక్టర్లలో కలిపి 0.3 ఓమ్‌ల నిరోధం ఉన్నా 0.6 వోల్టులు అక్కడే పోతాయి. 4 వోల్టుల సరఫరా 3.4కు, అంటే మోడెమ్ కనీస హద్దుకు, పడిపోతుంది. 2జీ పద్ధతి అయిన జీఎస్ఎమ్‌లో ఒక్కో ప్రసారం సుమారు 577 మైక్రోసెకన్లే ఉంటుంది కనుక మల్టీమీటర్ దానిని పట్టలేదు, వోల్టేజీ మార్పులను గీసి చూపే ఆసిలోస్కోప్ కళాశాల ప్రయోగశాలలో వాడాలి. తీగలను పొట్టిగా, లావుగా ఉంచి, ఆ క్షణానికి కావలసిన కరెంటు అందేలా 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను మోడెమ్‌ను ఆనుకునే పెట్టి మళ్ళీ కొలవాలి.

సిగ్నల్ పోయినప్పుడు కొలతలను సమయంతో, వరుస సంఖ్యతో ఫ్లాష్ మెమరీలో దాచి, తిరిగి వచ్చాక పంపించాలి. పరికరాలు సర్వర్‌కు సందేశాలు పంపే ఎమ్‌క్యూటీటీ పద్ధతిలో, సందేశం కనీసం ఒక్కసారైనా చేరేలా చూసే క్యూఓఎస్ 1 స్థాయి వాడితే ఒకే సందేశం రెండుసార్లు చేరవచ్చు. సర్వర్ ఆ వరుస సంఖ్యను చూసే రెండో ప్రతిని వదిలేయాలి. దారిలో పోయిన డేటాను మళ్ళీ పంపే టీసీపీ పునఃప్రసారాలు పుస్తకంలో కన్నా, నెట్‌వర్క్‌లో సాగే డేటాను చూపే సాఫ్ట్‌వేర్ అయిన వైర్‌షార్క్‌లో చూస్తేనే మనసుకెక్కుతాయని నా అభిప్రాయం.

రెజ్యూమేలో నేర్చిన సాంకేతికతల జాబితాను కుదించి, కెపాసిటర్ పెట్టకముందు, పెట్టిన తరువాత తీసిన ఆసిలోస్కోప్ చిత్రాలను, నెల రోజుల్లో పోయిన కొలతల లెక్కను జతచేయండి. హైదరాబాద్‌లోనైనా బెంగళూరులోనైనా ఇంటర్వ్యూ చేసేవారు మొదటి ప్రశ్న ఆ చిత్రాల మీదే అడిగేలా వాటిని మొదటి పేజీలోనే ఉంచండి.