చెన్నైలో తొలి కాన్పు: ఎప్పుడు ముక్కాలి, ఎప్పుడు ఆపాలి

గర్భాశయ ముఖద్వారం 10 సెంటీమీటర్ల మేర పూర్తిగా తెరుచుకున్నప్పటి నుంచి బిడ్డ బయటపడే వరకు గల సమయాన్ని కాన్పులో రెండో దశ అంటారు. తొలి కాన్పులో ఇది సాధారణంగా 3 గంటలలోపు, తర్వాతి కాన్పుల్లో 2 గంటలలోపు ముగుస్తుంది. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర ఇచ్చే మత్తుమందు) తీసుకున్నవారికి ఇంకొంత ఆలస్యం కావచ్చు.

బిడ్డ తల కిందికి దిగి మలాశయాన్ని నొక్కడం వల్ల విరేచనానికి వెళ్లాలన్నంత ఒత్తిడి కలుగుతుంది. చాలామంది సిగ్గుపడి దాచుకునే ఈ మాటనే సిస్టర్‌కు వెంటనే చెప్పాలి. ఆమె పరీక్షించి సరేనన్న తర్వాతే ముక్కాలి. ముక్కేటప్పుడు కాస్త మలం రావడం కూడా మామూలే.

చెన్నై లేబర్ వార్డుల్లో సూచనలు ఎక్కువగా తమిళంలోనే వినిపిస్తాయి. 'ముక్కుమ్మా' అంటే మన ముక్కడమే గనుక ఇబ్బంది లేదు. అయితే 'ముక్కాదే' అంటే ముక్కవద్దని, 'మూచ్చు విడు' అంటే ఊపిరి వదలమని అర్థం. మా చెల్లెలి కాన్పులో పక్కనే ఉన్న నేను గమనించినదేమిటంటే, నొప్పుల హోరులో ఆమెకు 'ముక్కు' అన్నంత వరకే వినబడి, ఆపమన్నప్పుడు కూడా మరింత బలంగా ముక్కింది. అందుకే తోడుండేవారు ఈ మూడు మాటలూ ముందే నేర్చుకుని, ఆమె చెవి దగ్గర తెలుగులో చెబుతూ ఉండాలి.

నొప్పి వచ్చినప్పుడే, లోపలి నుంచి ఒత్తిడి తన్నుకొచ్చిన మేరకే, గడ్డం ఛాతీకి ఆనించి, బలం గొంతులోకి పోనివ్వకుండా కిందికి పంపాలి. నొప్పి తగ్గగానే ఒళ్లంతా వదులు చేసి సేద తీరాలి. వెల్లకిలా పడుకోవడం కష్టమైతే పక్కకు తిరగవచ్చునా అని అడగాలి. తల కనిపించి మళ్లీ లోపలికి జారిపోతుంటే అధైర్యపడనక్కరలేదు, అది అలాగే కొంచెం కొంచెంగా ముందుకు వస్తుంది.

తల పూర్తిగా బయటకు వచ్చే వేళ చర్మం సాగి భగ్గున మండుతుంది. 'ముక్కాదే' అనేది సరిగ్గా అప్పుడే. వేడి పాలు ఊది చల్లార్చినట్టు చిన్న చిన్న ఊపిరులు వదిలితే తల నెమ్మదిగా వచ్చి, చర్మం చిరిగే ప్రమాదం తగ్గుతుంది. బిడ్డ బయటకు వచ్చే దారి దగ్గర అందరికీ అలవాటుగా కోత పెట్టడాన్నీ, పొట్ట మీద చేతులతో అదమడాన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లో వద్దన్నది; ఈ రెండింటి గురించి ఎనిమిదో నెలలోనే డాక్టర్‌తో మాట్లాడుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

బిడ్డ బాగుంటే వెంటనే తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి, కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు కత్తిరిస్తారు. ఆ తర్వాత మాయ బయటపడడానికి మరోసారి, ఈసారి తేలికగా, ముక్కమంటారు.